పడవ కింద మలుగు

నడిగోదావరిలో పోలయ్య పడవ మోటారు తిరగలేదు. దగ్గర్లో మలుగు ఉందన్నమాట. అది వెళ్లిపోగానే తిరుగుతుందిలే అని పొద్దున్నే గట్టు నుంచి పడవ తోసేశారు. మలుగు వెళ్లలేదు.

పాములాంటి ఈ చేప నదిలో పెరిగి, గుడ్లు పెట్టడానికి సముద్రానికి పోతుంది. మోటార్ల చప్పుడుకు దారి తప్పుతోందని తేలాక జాడశాఖ ప్రతి మలుగు తలలోనూ బియ్యపుగింజంత జాడగింజ పెట్టింది. ప్రతి మోటారుకూ మౌనమర బిగించింది. గింజ అరమైలు లోపు ఉంటే ఆ మర మోటారును ఆపేస్తుంది, మిగతా చోట్ల గుసగుసగా తిరగనిస్తుంది. ఒకసారి రేవులో మలుగు నిద్రపోతే, నడినీళ్లలో ఆగిన పెళ్లిపడవలో వరుడికి తాళి కట్టేలోపు బట్టతల వచ్చింది. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. మలుగు క్షేమంగా లేచింది, అంతే చాలు.

ఇవాళ పోలయ్య భార్య వరాలు పడవలో పురిటినొప్పులు పడుతోంది. ఆసుపత్రి ఎగువన ఉంది. వరద పడవను దిగువకు, నది సముద్రంలో కలిసే మొగలోకి తోసుకుపోతోంది. అక్కడి అలల్లో పడ్డ పడవ తిరిగిరాదు. ఊళ్లో తెడ్లు ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి కాబట్టి పోలయ్య ఒక చెక్కపలకతో నీళ్లు తోస్తున్నాడు. గోదావరి పట్టించుకోలేదు. సాయానికొచ్చిన రెండు పడవలూ దగ్గరకు రాగానే ఆగిపోయి, వెనకే కొట్టుకొస్తున్నాయి.

"ఊరేగింపులాగే ఉంది అల్లుడూ," అంది అత్త నూకాలు, కూతురి తల ఒళ్లో పెట్టుకుని. "మేళం ఒక్కటే తక్కువ."

పోలయ్య మాటబిళ్ల నొక్కి జాడశాఖ అధికారి హంసవేణిని పిలిచాడు.

"మేడంగారండి, ఆ మలుగు ఎటు పోతాందో చెప్పండి. మేం ఇంకో పక్కకి పోతాం. ఆడమనిషి ప్రాణం మీదకొచ్చిందండి."

"మీ పడవ కిందే ఉంది. ముట్టుకోకండి." ఆమె గొంతులో సంబరం దాగలేదు. "ఎంత నిలకడగా పోతోందో. ఇంకాసేపట్లో సముద్రం చేరుతుంది."

పోలయ్య పడవను ఎడమకు తోశాడు. మలుగు కూడా ఎడమకే వచ్చిందంది ఆమె. కుడికి తోస్తే కుడికే వచ్చింది. ఇంత అభిమానమున్న చేపను పోలయ్య ఎన్నడూ చూడలేదు.

"అది కింద లేదు," అంది వరాలు, పళ్లు బిగించి. "రాత్రి పులుసులో తలకాయ నాకే పెట్టారు కదా. గట్టిగా ఏదో తగిలింది. ముల్లనుకుని మింగేశాను."

ఆ రేవులో నెలలు నిండినదానికి మలుగు పులుసు పెడతారు, రక్తం పడుతుందని. తలకాయ ఆమెదే, ఇంకెవరూ ముట్టరు. మలుగును చంపితే జైలని తెలిసినా ఈ ఒక్క ఆచారం మానలేదు. వలలో పడ్డదాని తలను పోలయ్య బాగానే తడిమి చూశాడు. గింజ తగల్లేదు, ఎక్కడో రాలిపోయి ఉంటుందని అత్తకు ధైర్యం కూడా చెప్పాడు.

"నీ చేతులు తిని కడుక్కోడానికే పనికొస్తాయి," అంది నూకాలు.

పోలయ్య మళ్లీ బిళ్ల నొక్కాడు. "మేడంగారండి, మలుగుని తినేశామండి. గింజ మా ఆవిడ కడుపులో ఉంది. జైలుకి నేనే నడుచుకుంటూ వస్తాను. మోటారు వదిలెయ్యండి."

"మోటారు కోసం అందరూ ఏదో ఒకటి చెబుతారు."

నూకాలు బిళ్ల లాక్కుని కూతురి నోటి దగ్గర పెట్టింది. వరాలు అరుపు అవతలికి పోయింది. మొగ దగ్గర అలలు తెల్లగా విరగడం కనిపిస్తోంది.

"అది చచ్చిపోయిందని నమోదు చేస్తేనే మరలు వదులుతాయి," అంది హంసవేణి చివరికి.

"చెయ్యండమ్మా."

"మిగిలింది అదొక్కటే. మిగతా మలుగులన్నీ చచ్చి, వాటి గింజలు ఆగిపోయి రెండేళ్లయింది. మేం ఎవరికీ చెప్పలేదు."

నూకాలు బిళ్లలోకి అంది: "దానికోసం ఏడవాలంటే రేపు నేనూ వచ్చి నీ పక్కన కూచుంటానమ్మా. ఇవాళ నా కూతుర్ని చూడు."

మోటారు దగ్గింది. తిరిగింది. వెనకున్న రెండు పడవలవీ తిరిగాయి. తర్వాత ఎగువనా దిగువనా, కనుచూపు మేరా, కాపాడటానికి మలుగే లేక మౌనమరలు వదిలేసిన మోటార్లన్నీ ఒక్కసారిగా గొంతు విప్పాయి. అంత చప్పుడు గోదావరి మీద కుర్రకారు ఎప్పుడూ వినలేదు. సంగతేమిటో తెలియక, గట్టు మీద కొందరు చప్పట్లు కొట్టారు.

పోలయ్య పడవను ఎగువకు తిప్పాడు. వరాలు ఏదో చెబుతోంది. ఆ మోతలో అతనికి వినపడలేదు.