అరచేతులు తోమిన రాడ్డు

భానుచందర్‌కు తన మీద తనకు మహా గొప్ప అభిప్రాయం. తిరుపతి మొత్తంలో బస్సులనూ లారీలనూ అచ్చం అసలు వాటిలా చిన్న మోడల్స్‌గా చేసేవాడు తానొక్కడేనని ఫోన్‌లో వీడియోలు పెట్టుకునేవాడు. ఇంకెవరూ ఆ పనికి పూనుకోలేదు కాబట్టే తానొక్కడే మిగిలాడన్న సంగతి మటుకు ఆయనగారికి తట్టలేదు.

అతని మేడ మీది గదికి లోహిత ఒక జానెడు బస్సు కోసం వచ్చింది. ఆమె నాయన ఆదిమూలం తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు డ్రైవరు. నెలాఖరుకు రిటైరవుతాడు. సన్మానంలో శాలువా, పూలదండ ఎలాగూ వేస్తారు. ఆయన బస్సును ఆయన చేతిలోనే పెట్టాలని, అది చూసి ఆయన "నా బండే" అనాలని కూతురి కోరిక.

ఆర్డరిచ్చి వెళ్ళిన అమ్మాయి మళ్ళీ వచ్చేసరికి బల్ల మీద బస్సు ధగధగలాడుతోంది. ఒళ్ళంతా నిగనిగలాడే ఎరుపు. బంపర్ నుంచి చక్రాల నట్ల దాకా మెటాలిక్ వెండి.

"ఎట్లుండాది?" అన్నాడు భానుచందర్, పొగడ్తకు చెవులు రిక్కించి.

"పెండ్లికి పోయే బస్సు మాదిరి ఉండాది. మా నాయన బస్సు యాడ?"

"మెటాలిక్ పెయింట్ మేడం. కింద నున్నటి నలుపు కొట్టి, దాని మీద పల్చగా పట్టించినా. అందుకే అద్దం మాదిరి మెరస్తా ఉండాది. ఈ పని అందరికీ రాదు."

"ఎండకీ వానకీ కొండెక్కి దిగే బస్సు అద్దం మాదిరి ఎట్ల మెరస్తాది సార్? మీరెప్పుడన్నా బస్సు సూసినారా?"

"ఫోటోలు సూసినా."

"సంతోషం," అని లోహిత మెట్లు దిగిపోయింది.

ఆర్టిస్టుగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. మెరుపు వద్దంది కదా, చూపిస్తానని మ్యాట్ వార్నిష్ తీసి బస్సంతా కొట్టేశాడు. మ్యాట్ తగిలితే మెటాలిక్ చచ్చిపోతుందని వీడియోల్లో ఊరికంతా పాఠం చెప్పేది తనే. కోపంలో తలుపు రాడ్లకు కాదు కదా, కిటికీలకు కూడా వార్నిష్ పడకుండా కాగితం అంటించలేదు. ఆరాక చూస్తే అద్దాలకు శుక్లాలు వచ్చాయి. వెండి కాస్తా పొయ్యిలో బూడిద రంగుకు తిరిగింది.

"ఇప్పుడు పాత ఇనుముకు పోయే బస్సు," అంది మళ్ళీ చూడవచ్చిన లోహిత. "అలిగి రంగు కొట్టేవాణ్ణి ఈడనే సూస్తా ఉండా. రేప్పొద్దున బస్టాండుకు రా. కండ్లు మటుకు మర్చిపోకుండా తెచ్చుకో."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని అతను గమనించాడు. బాధ మాత్రం కలగలేదు.

లోహితకు కొండ మీది ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం. రోజూ పొద్దున నాయన బస్సులోనే వెళ్తుంది. ఆ రోజు పక్కన భానుచందర్‌ను కూర్చోబెట్టుకుని తలుపు వైపు గడ్డంతో చూపించింది. బస్సు ఒంటి మీద ఎక్కడా మెరుపు లేదు. తలుపు దగ్గరి రాడ్డుకు మాత్రం, ఎక్కే ప్రతి మనిషీ పట్టుకునే చోట, పెయింటు పోయి లోపలి ఇనుము వెండిలా మెరుస్తోంది. దానికి పైనా కిందా అంతా మాసిన రంగే.

"అరచేతులు తోమినాయి," అంది లోహిత. "మెరుపంటే డబ్బాలో వచ్చేదే అనుకున్నావా?"

భానుచందర్ లేచి వెళ్ళి ఆ మెరుపు మీద వేలు రాసి వచ్చాడు. ఇంతలో వాన మొదలైంది. బిగుసుకుపోయిన కిటికీని లాగుతూ లోహిత విసుక్కుంది. ఆ విసుగు ముఖం అతనికి తెగ నచ్చింది. ఆ మాట చెప్పే ధైర్యం ఎక్కడిది, అందుకని "రాడ్డు రంగు ఇంగా పట్టుబడలేదు. రేపు కూడా సూడల్ల," అన్నాడు.

మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే.

"నీకంటే బడిపిల్లోళ్ళు నయం," అనేది లోహిత. అంటూనే, అతను ఎక్కేదాకా పక్క సీట్లో బ్యాగు పెట్టి ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు.

ఇంటికొచ్చి భానుచందర్ మోడల్ బస్సుకు అద్దాలు కొత్తవి బిగించాడు. బూడిదైన రాడ్డును గీకి, చెయ్యి పడే చోట మళ్ళీ నున్నటి నలుపు వేసి, దాని మీద వెండి పట్టించాడు. ఈసారి మ్యాట్‌ను దాని దరిదాపులకు రానివ్వలేదు.

సన్మానం నాడు ఆదిమూలం కళ్ళజోడు సర్దుకుని బస్సును అటూ ఇటూ తిప్పి చూశాడు. రాడ్డును బొటనవేలితో తాకబోయి ఆగిపోయాడు.

"నా బండే," అన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఈ రాడ్డు ఎవురు సేసింది?" అని అడిగాడు.

భానుచందర్ రొమ్ము విరుచుకుని ముందుకొచ్చాడు.

"నువ్వేనా. రాడ్డు సూసేదానికి ఒక తూరి ఎక్కితే సాలదా అబ్బా? దినామూ వెనకాలోళ్ళను సూసే నా అద్దంలో కనపడితివే. ఆ మొదటినాడు తప్ప మళ్ళా రాడ్డు పక్క సూసినావా నువ్వు?"

అందరూ నవ్వారు. విరిచిన రొమ్ము చప్పబడిపోయింది. అతని తరఫున మాట్లాడింది లోహితే.

"రాడ్డు రంగు ఇంగా సరిగ్గా కుదరలేదు నాయనా. రేపు కూడా సూడల్ల."

నేల చూస్తూ అంది. ఆ గొంతులో ఇన్నాళ్ళ ఎగతాళి వెతికినా దొరకలేదు.

ఆదిమూలం బస్సును ఒళ్ళో పెట్టుకున్నాడు.

"రేపట్నించి ఆ అద్దం ముందర నేనుండను కదమ్మా. ఇంటికి రమ్మను. ఆడైతే నేరుగానే సూస్తా."