మూడో నంబరు

ఆ గురువారం ఉదయం ఆకాశం ఉతకని గొర్రెబొచ్చులా కొండ మీదికి దిగి, కురవాలా వద్దా అని తేల్చుకోలేకుండా ఉంది. కనుమ మీది రేడియో స్టేషనుకి ఏజెంట్ ఎసెన్ మెకానిక్ వేషంలో చేరాడు.

పైవాళ్లు అప్పగించిన పని నాలుగు ముక్కలు. "పన్నెండుకి విదేశీ ముఠా లారీ సరిహద్దు దాటుతుంది. వాళ్ల గురి కొండ కింది ఆనకట్ట. లారీ నంబరు రిసీవర్లో వస్తుంది, చెక్‌పోస్టుకి అందించు. మూడు గురువారాలుగా ఆ వేళకే, మాటని కొండ దాటించే అక్కడి యాంప్లిఫయర్ పడిపోతోంది. ఎవరి పనో చూడు."

స్టేషన్లో కాపలా ముసలాయన షేర్గాజీ, వాతావరణ అధికారిణి వేషంలో సాల్కిన్ ఉన్నారు. సాల్కిన్ కూడా డిపార్ట్‌మెంటు మనిషే. ఎనిమిదేళ్ల క్రితం ఒక మిషన్లో ఆమే ఎసెనూ మొగుడూపెళ్లాల్లా నటించారు. ఎసెన్‌కి ఎవరైనా టీ పోసిచ్చింది ఆ నెల్లాళ్లే.

"ముసలాడి పనే," అంది సాల్కిన్, లాగ్ బుక్ చూపిస్తూ.

పుస్తకంలో యంత్రం చూపిన లోపాల నంబర్లు, దాదాపు అన్నీ రెండే. అంటే వేడి. ఈ గడ్డకట్టే చలిలో వేడేమిటని చూస్తే, యంత్రం చుట్టూ గాలి ఆడకుండా కంబళి చుట్టి ఉంది.

"వణుకుతుందని కప్పాను నాయనా," అన్నాడు షేర్గాజీ. "పదకొండు చలికాలాలు. నాకు తోడు ఇదొక్కటేగా."

ఎసెన్ కంబళి తీసి ఆయన భుజాలకే కప్పాడు.

పదకొండూ నలభైకి లారీ నంబరు వచ్చింది. మీట నొక్కగానే ఎర్రదీపం వెలిగి లోపం నంబరు చూపింది. మూడు. అంటే యాంటెన్నాకి పంపిన శక్తి వెనక్కి తిరిగొస్తోంది.

"రీసెట్ నొక్కు," అంది సాల్కిన్. నొక్కాడు. మళ్లీ మూడు. "ఇంకోసారి నొక్కు, టైం లేదు."

ఎసెన్ చెయ్యి ఆగింది. యంత్రం చావలేదు, తనని తాను కాపాడుకుంటోంది. మొండిగా నొక్కుతూపోతే ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. మంచు కరిగి కొత్తవి వచ్చే వేసవిదాకా మాట అవతలికి పోదు. అది ఆమెకి తెలియని సంగతి కాదు.

లాగ్‌లో మూడో నంబరు మూడుసార్లే ఉంది. మూడూ గురువారాలే.

"తాతా, గురువారం ఇక్కడికి ఎవరొస్తారు?"

"ఇంకెవరు, ఈ అమ్మాయే. మంచు దులపడానికి యాంటెన్నా స్తంభం ఎక్కుతుంది."

సాల్కిన్ చెయ్యి కోటు జేబులోకి పోయింది. అంతకంటే ముందే షేర్గాజీ తోడేళ్ల కోసం ఉంచుకున్న తుపాకి ఆమె వైపు తిరిగింది. ఆమె జేబులోని పిస్తోలు లాక్కుని, చేతులకి బేడీలు వేసి, ఎసెన్ స్తంభం ఎక్కాడు. పైన కేబుల్ జాయింటు సడలించి, సందులో తడి ఉన్ని కూరి ఉంది. లాగేసి, చొక్కాతో తుడిచి, బిగించాడు.

పదకొండూ యాభైతొమ్మిదికి పచ్చదీపం వెలిగింది. లారీ నంబరు కొండ దాటింది. పది నిమిషాలకి జవాబు: "దొరికింది."

వెళ్లడానికి బేడీలతో లేచిన సాల్కిన్‌ని షేర్గాజీ ఆపాడు. "ఈ ఇంట్లో రొట్టె ముట్టకుండా ఎవరూ గడప దాటరు. దొంగైనా సరే."

ఎసెన్ ఆమె కుడిచేతి బేడీ విప్పాడు. ఆ చేత్తో ఆమె మొదట అతని గిన్నెలో టీ పోసింది. ముగ్గురూ తలలు వంచుకుని ఒకే రొట్టె తుంచుకు తిన్నారు. ఆ గదిలో తన తప్పు తానే చెప్పుకోగలిగింది యంత్రం ఒక్కటే. దానికీ ఇప్పుడు చెప్పడానికేమీ లేదు.