గెంతే సెకన్ల ముల్లు

"ఇది డూప్లికేట్ వాచీ!"

పిడుగు అరిచిన అరుపుకి షాపు గోడమీది గడియారాలన్నీ ఒక్క క్షణం ఆగిపోయాయి. నమ్మకపోతే వాటినే అడగండి.

పిడుగు వాళ్ళమ్మ వాచీలు బాగుచేస్తుంది. పిల్ల అప్పుడే బడి నుంచి వచ్చింది, బ్యాగు కూడా దించలేదు. అమ్మ లోపల చేతులు కడుక్కుంటోంది. కౌంటరు ముందు ఒక తాత నిలబడ్డాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఖరీదైన వాచీ ఒరిజినలో కాదో చూపించుకుందామని వచ్చాడు.

"నీకెలా తెలుసే, బుల్లి మేస్త్రీ?"

"సెకన్ల ముల్లు చూడండి తాతయ్యా. టిక్కు టిక్కుమని గెంతుతోంది. ఒరిజినల్ అయితే మెత్తగా జారిపోతుంది. వీడియోలో చూశా."

పిడుగు కళ్ళంటే మాటలా? దోమ కన్నుకొట్టినా కనిపెట్టేస్తాయి.

తాత మొహం వాడిపోయింది. "మా ఆవిడకి కొన్నానమ్మా. పెళ్ళినాడు మాటిచ్చా, ఇన్నాళ్ళకి కుదిరిందనుకున్నా. సరేలే, కొన్నచోటే తిరిగిచ్చేస్తా" అంటూ వెళ్ళిపోయాడు.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సంగతి విని, "వెనక మూత తీసి చూశావా?" అంది.

"లేదు."

"చూడకుండానే తీర్పు చెప్పేశావా తల్లీ? బ్యాటరీ వాచీలు ఒరిజినల్ అయినా అలాగే గెంతుతాయి."

పిడుగు బ్యాగు విసిరేసి పరుగో పరుగు. వీధికుక్క ఒకటి పోటీకొచ్చి, సగం దారిలో ఓడిపోయి కూలబడింది.

తాత బస్సు మెట్టుమీద కాలు పెడుతున్నాడు. పిడుగు వెళ్ళి చొక్కా పట్టుకుంది.

"తాతయ్యా, తప్పు నాది. లోపల చూడకుండా వాగేశా. ఒక్కసారి రండి."

షాపులో అమ్మ మూత తీసి, భూతద్దం కంటికి బిగించుకుంది. లోపల చీమ తలంత అక్షరాలు. ఒక్కటీ అలుక్కుపోలేదు. స్క్రూల మీద ఒక్క గీత లేదు.

"ఎవరూ చూడని చోట కూడా ఎంత శ్రద్ధగా చేశారో. ఒరిజినలే బాబాయ్" అంది అమ్మ.

తాత నవ్వుకి రెండు చెవుల మధ్య చోటు చాల్లేదు.

ఆయన అటు వెళ్ళాడో లేదో, ఒక కాలేజీ అక్క తళతళలాడే వాచీ తెచ్చింది. "ఇది ఒరిజినలేనా పాపా?"

పిడుగు చూసింది. దీని ముల్లూ గెంతుతోంది. పైగా అంకెలు కాస్త వంకర. నాలుక ఒకటే దురద.

గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెండో చేత్తో స్టూలు లాగింది.

"కూర్చో అక్కా" అంది వేళ్ళ సందుల్లోంచి. "మూత తీసి చూద్దాం."

భూతద్దం తీసి అమ్మ చేతికిచ్చింది.