మంచి చేతికి కట్టు

ఉదయం పనులు తెమిలాక కోడలు గుడ్డసంచి తెచ్చింది. పాత తలగడ గలీబు కత్తిరించి తనే కుట్టింది దాన్ని. అత్తగారి ఎడమ చేతికి తొడిగి, మణికట్టు దగ్గర నాడా ముడివేసింది.

"ఇదేం కుట్టే తల్లీ, కోడి గీరినట్టు!" అంది అత్త. ఆ వీధిలో సగం మంది ఆవిడ కుట్టిన చొక్కాలే తొడుక్కుంటారు.

"మీ చేయి బాగయ్యాక విప్పి మళ్ళీ కుట్టుకోండి అత్తయ్యా."

"అందాకా నన్ను బతకనిస్తే కదా!"

పక్షవాతం వచ్చిన మనిషికి మాట దక్కింది, నడక తిరిగొచ్చింది. కుడి చేయి మాత్రం ఎవరో మరిచిపోయి వెళ్ళిన వస్తువులా ఒడిలో పడి ఉండేది. వ్యాయామం చేయించే డాక్టరమ్మ కోడల్ని కూర్చోబెట్టి చెప్పింది. "చేతికి ఏ రోగమూ లేదమ్మా. దానికి కబురు పంపే చోట మెదడు దెబ్బతింది. ఎడమ చేయి అందుబాటులో ఉన్నంతసేపు మెదడు కుడిదాని జోలికే పోదు, మెల్లగా మరిచిపోతుంది. మంచి చేతిని కట్టి, అన్నీ ఆ చేత్తోనే చేయించు. అప్పుడే పక్క నుంచి కొత్త దారి వేసుకుంటుంది. కాస్త కఠినంగా ఉండాలి మరి."

ఆ కఠినమే ఇంట్లో చిచ్చయింది.

కోడలు బల్ల మీద గుండీలు పోసింది. ఒక్కొక్కటీ తీసి గిన్నెలో వెయ్యాలి. తియ్యడం ఫరవాలేదు. వెయ్యడమే రాదు. మూసుకున్న వేళ్ళు ఎంతకీ తెరుచుకోవు. "పిడికిలి బిగించమన్న మాట చేతికి తొందరగానే చేరుతుంది, విప్పమన్న మాటే ఆలస్యం," అని కూడా డాక్టరమ్మ చెప్పింది. అత్త విసుగెత్తి చేయి విదిలించింది. గిన్నె బోర్లాపడి, గుండీలు గదంతా దొర్లాయి.

"దాహంగా ఉంది. తాగించు."

"గ్లాసు మీ ముందే ఉంది అత్తయ్యా."

అత్త వణికే చేత్తో గ్లాసు పట్టుకుంది. ఎంత బలంగా పట్టుకోవాలో తెలియని చేయి ఊపిరాడనివ్వనట్టు బిగించింది. గ్లాసు ఒరిగి నీళ్ళు గుండెల మీద ఒలికిపోయాయి. ఆవిడ ఏడుస్తుండగానే తలుపు తెరుచుకుంది. లారీ మీద వెళ్ళిన కొడుకు, అనుకున్నదానికంటే ముందే ఇల్లు చేరాడు.

తడిసిన తల్లినీ, కట్టేసిన చేతినీ చూశాడు.

"మా అమ్మ చేతులు కట్టేశావా?"

"డాక్టరమ్మ చెప్పిందండీ. మంచి చేయి ఒక్కటే..."

"నోటికి నీళ్ళు అందించడానికి కూడా డాక్టరు చీటీ రాయాలా?" అని తల్లి దగ్గర కూలబడ్డాడు. "రోజూ ఇంతేనా అమ్మా?"

తల్లి ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. "దాహమేస్తే దిక్కు లేదురా," అంది.

కోడలి ముఖం పాలిపోయింది.

"నీ కన్నతల్లైతే ఇలాగే కట్టేసేదానివా?" అన్నాడు భర్త.

"కట్టేదాన్ని కాదు. మా అమ్మైతే జాలి అడ్డొచ్చి నేనే తాగించేసేదాన్ని. మీరూ అదే చేస్తారు. ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ ముద్దలు కలిపి నోట్లో పెడతారు. మీరు వెళ్ళాక ఆ చేయి మళ్ళీ మొదటికొస్తుంది. ఆవిడ మళ్ళీ కత్తెర పడుతుందన్న ఆశ నాకొక్కదానికే ఉందా?"

"చాల్లే. రేపటి నుంచి నువ్వు ముట్టుకోవద్దు. ఎవరినైనా మనిషిని పెడతాను." నాడా లాగి, సంచి మూలకు విసిరాడు.

కోడలు అత్త కుర్చీ పక్కన వంగి గుండీలు ఏరసాగింది. చెంపలు తడిసిపోతున్నా తుడుచుకోలేదు. ఏరడమై లేవబోతే చీర కొంగు ఎక్కడో చిక్కుకున్నట్టయింది.

అత్త పట్టుకుంది. ఎడమ చేయి ఖాళీగా ఒడిలో ఉంది. పట్టుకున్నది కుడిది.

"వదలడం రావట్లేదే," అంది అత్త, తన చేతిని తనే వింతగా చూస్తూ.

కొడుకు ఆ వేళ్ళు విప్పబోయాడు. "ఆగండి!" అంది కోడలు. "అత్తయ్యా, నన్ను కాదు, చేతిని చూడండి. చిటికెన వేలితో మొదలుపెట్టండి. తొందరేం లేదు."

అత్త చూస్తూనే ఉంది. నుదుట చెమట పట్టింది. "కోపంతో అన్నానురా ఆ మాట," అంది. "పొద్దున్నే టీ కలిపిచ్చింది, తల దువ్వింది. దిక్కు లేదన్నాను. ఈ చేయి ఇక రాదేమోనన్న భయం ఎవరి మీద చూపించనురా?"

చిటికెన వేలు కదిలింది. తర్వాత దాని పక్కది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. చివరికి కొంగు నలిగి జారింది.

కొడుకు తన భార్య చేతిలోంచి గుండీల గిన్నె అందుకుని బల్ల మీద పెట్టాడు. "నాకు తెలియలేదు," అన్నాడు, ఆమె వైపు చూడలేక.

"దాహంరా," అంది తల్లి. ఈసారి మామూలుగా.

అతను గ్లాసులో సగానికి నీళ్ళు పోశాడు. నోటి దాకా తీసుకెళ్ళబోయి ఆగి, ఆవిడ కుడి పక్కన పెట్టాడు. ఎదురుగా కూర్చుని, తన రెండు చేతులూ తొడల కింద నొక్కుకున్నాడు.

గ్లాసు లేచింది. వణుకుతూ, ఒలుకుతూ దారిలో రెండుసార్లు ఆగింది. అతని భుజాలు ముందుకొచ్చాయి. చేతులు మాత్రం తియ్యలేదు. భార్య వెనక నిలబడి అతని భుజం మీద చేయి వేసింది. గ్లాసు అంచు తల్లి పెదవికి తగిలేదాకా ముగ్గురూ ఊపిరి బిగబట్టే ఉన్నారు.