డబ్బాలో పట్టని గొంతు

పోయిన మనిషి గొంతు పెట్రోలు బంకు దగ్గర పాడుతోంది!

మావిస్ చేతిలోని పాలపొడి డబ్బా జారి ఆస్ట్రేలియా ఎడారి ఎర్రమట్టిలో దొర్లిపోయింది. ఎవరో యాత్రికుల కారు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఇద్దరు తెల్లమ్మాయిలు తలలూపుతూ వింటున్నారు... ఏమనుకున్నారు? మావిస్ మొగుడి పాట! దారిలో కారు చెడిపోతే నీళ్ల డబ్బా పట్టుకుని పెళ్లాం ముందు నడిచిపోతూ ఉంటుంది, వెనక నుంచి మొగుడు "ఆగవే, దాహమేస్తోంది, ఆగవే!" అని బతిమాలుతుంటాడు. ఆ పెళ్లాం మావిసే. ఫుట్‌బాల్ పోటీల దగ్గర ఆయన ఈ పాట ఎత్తుకుని, "ఆగవే" అన్నచోట కావాలని గిటారు ఆపేసేవాడు. జనంలోంచి మావిస్ "ఆగనుగాక ఆగను, నడిచి రా!" అని అరిచేది. అందరూ పడీ పడీ నవ్వేవారు. రికార్డు చేసినప్పుడు కూడా ఆయన ఆ చోటు ఖాళీగానే ఉంచాడు. నీ మాట నీదే, నేనెందుకు పాడతాను అన్నాడు. ఇప్పుడు ఆ ఖాళీ వచ్చింది... అలవాటున నోరు తెరవబోయి, మావిస్ రెండు చేతులతో పెదాలు నొక్కేసుకుంది.

మాట్లాడకూడదు కదా, అక్కడి ఆదివాసుల ఆచారం అది! భర్త పోయి నాలుగు నెలలే అయింది. ఆయన అక్క వచ్చి నోరు విప్పించేదాకా, ఏడాది కానీ రెండేళ్లు కానీ, ఆమె ఏం చెప్పినా చేతులతోనే చెప్పాలి. అప్పటిదాకా ఆయన గొంతు ఎవరూ వినకూడదు, ఆయన పేరు ఎవరూ పలకకూడదు. నేనూ పలకను. బంకులో మెకానిక్‌ది కూడా అదే పేరు కావడంతో, పాపం, ఊరంతా అతణ్ణి "పేరులేనాయన" అంటోంది. ఆ పేరులేనాయనే ఇప్పుడు చేతులు ఊపుకుంటూ కారు దగ్గరికి పరుగెత్తాడు.

"ఆపండమ్మా, మీకు పుణ్యముంటుంది, ఆపండి!"

ఆ పిల్లలకేం తెలుసు! బెదిరిపోయి పాట కట్టేశారు. కానీ అప్పటికే ఆయన అక్క ఐరిస్ కొట్టు అరుగు మీంచి దిగి, మట్టిలో కూలబడి, దొరికిన రాయితో నుదురు బాదుకుంటోంది. రక్తం కళ్లలోకి కారుతోంది.

"ఎవరే... నిద్రపోతున్న నా తమ్ముణ్ణి లేపిందెవరే! వాడు ఎటు పోవాలో తెలీక తిరుగుతాడే తల్లీ!"

ఆడవాళ్లు పట్టుకోబోతే తోసేసి లేచింది. మావిస్ ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇల్లంతా ఆకుల పొగ పెట్టాం. గిటారు దుప్పట్లో చుట్టాం. క్యాసెట్లన్నీ నువ్వే కదే ఏరి ఇచ్చావు? పిండి డబ్బాలో పోసి నా చేత్తో మూత బిగించాను! మరి ఇదెక్కణ్ణుంచి వచ్చింది? చెప్పు! మొగుడి గొంతు అమ్ముకుని తింటున్నావా?"

ఏం చెబుతుంది? ఏ నోటితో చెబుతుంది? మావిస్ చూపు ఐరిస్ భుజం మీదుగా కూతురి మీద పడింది. లినెట్ కొట్టు గోడకి అతుక్కుపోయి, చేతిలోని ఫోను గౌను మడతల్లో దాచుకుంటోంది. పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు! ఆ ఒక్క చూపుతో తల్లికి అంతా అర్థమైపోయింది. ఇరవై రెండేళ్ల పిల్ల... మేనత్తలందరూ కర్రలు పట్టుకుని చుట్టూ నిలబడితే తట్టుకుంటుందా? మావిస్ కుడిచెయ్యి మెల్లగా లేచింది. వేళ్లు తన గుండెకే ఆనాయి.

నేనే.

ఐరిస్ చేతికందిన కర్రతో కొట్టిన దెబ్బ ఎడమ భుజం మీద పడింది. రెండోది కూడా అక్కడే పడింది. మావిస్ వంగలేదు, అడ్డుకోలేదు. కొట్టి కొట్టి ఐరిసే ఏడ్చింది. "ఇవాళ్టితో నీకు నేను వదిన్ని కాను. నీ నోరు విప్పడానికి నేను రాను. అలాగే మూగదానిలా చావు!" అని వెళ్లిపోయింది.

ఇంటికి రాగానే లినెట్ తల్లి కాళ్ల దగ్గర కుప్పకూలిపోయింది.

"నాన్నే పెట్టమన్నాడమ్మా! రెండేళ్ల కిందట. ఇప్పుడు క్యాసెట్లెవరు కొంటారు, అందరూ ఫోనుల్లోనే వింటున్నారు, మనమూ పెడదామే అన్నాడు. వెయ్యిమంది విన్నా టీపొడి పొట్లం కూడా రాలేదు. నాన్న నవ్వుకున్నాడు కూడా..."

అది నిజమే. ఒకప్పుడు కారు బానెట్ మీద క్యాసెట్లు పరిచి, పోటీలు ముగిసేసరికి కొత్త టైర్లకి, ట్యాంకు నిండా పెట్రోలుకి సరిపడా అమ్ముకొచ్చేవాడు ఆయన. కొన్నవాళ్లు ఎదురుగా కనిపించేవారు. చెయ్యి కలిపి, పిల్లల్ని అడిగి వెళ్లేవారు. ఇప్పుడు వినేదెవరో, ఎక్కడ వింటున్నారో తెలీదు. అందుకే ఆయన పోయినప్పుడు క్యాసెట్లు ఏరడం గుర్తొచ్చింది కానీ, గాల్లో తిరిగే పాటని ఏరాలని ఒక్కరికీ తోచలేదు. తోచిన పిల్ల ఒక్కర్తి ఉంది. అది నోరు విప్పలేదు.

"తీసేద్దామనే అనుకున్నానమ్మా, ఒట్టు! అప్పుడే సిడ్నీలో ఎవరో ఆ పాటకి డాన్సు చేశారు. అది చూసి వేలమంది చేశారు. నెలకోసారి డబ్బు పడుతోంది. ఇంకో మూడు నెలలు పడితే టొయోటా వస్తుంది. వారానికి మూడుసార్లు మెషీనులో నీ రక్తం కడిగించడానికి ఆలిస్ టౌను ఆస్పత్రికి తీసుకెళ్లి సాయంత్రానికి ఇంటికి తెచ్చేస్తాను. లేకపోతే నువ్వు అక్కడి రోగుల హాస్టల్లో పడుండాలి. నూట ముప్ఫై కిలోమీటర్లు... మన ఇల్లు ఉండదు, నాన్న సమాధి ఉండదు... మూడంటే మూడు నెలలమ్మా!"

మావిస్ కూతురి జుట్టు నిమిరింది. మూత్రపిండాలు చెడిపోయాయని తెలిసినప్పుడు ఆయన సమాధి పక్కనే తన చోటు చూసుకుంది ఆమె. పొద్దున్నే వెళ్లి అక్కడ ఊడ్చి, నీళ్లు చల్లి, కాసేపు కూర్చోకపోతే ఆమెకి తెల్లారినట్టే ఉండదు. టౌనుకి పోయినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లెందరు? అయినా... ఆ మనిషి నిద్ర తాకట్టు పెట్టి కొన్న కారులో ఎక్కి ఆ సమాధి దగ్గరికి ఏ మొహంతో వెళ్లాలి? ఆమె చెయ్యి అడ్డంగా కదిలింది. తీసెయ్.

"ఒకసారి తీస్తే మళ్లీ రారమ్మా! ఆ జనం ఇంకో పాటకి పోతారు!"

చెయ్యి మళ్లీ అడ్డంగానే కదిలింది. లినెట్ ఏడుస్తూనే ఫోను తీసింది. తరవాత మావిస్ రెండు వేళ్లు పెదాలకి అడ్డంగా పెట్టింది. అత్తకి మాత్రం చెప్పకు!

వచ్చిన డబ్బు ఒక్క సెంటు ముట్టకుండా పేరులేనాయన చేతికిచ్చి మొగుడి సమాధికి రాయి వేయించమంది. తనేమో ఒక దుప్పటి, ఒక టీ మగ్గు పట్టుకుని ఆలిస్ బస్సెక్కింది. ఐరిస్ గుమ్మంలోంచి చూసి, ఊరంతా వినేలా, "చూశారా, తమ్ముడి గొంతు అమ్మిన డబ్బుతో మహారాణి టౌనుకి షికారు పోతోంది!" అంది.

అక్కడ పదహారు నెలలు! రోజు విడిచి రోజు మెషీను పక్కన కుర్చీలో, చేతికి రెండు గొట్టాలు. నర్సులు మూగదేమో అనుకున్నారు. ఒకావిడ బిగ్గరగా, ఒక్కో ముక్కా విడదీసి, "నీ-కు టీ కా-వా-లా?" అని అడిగేది, పాపం. మావిస్ లోలోపల నవ్వుకునేది. కానీ మధ్యాహ్నాలు కిటికీలోంచి పడమటివైపు, తన ఊరి దిక్కుకే చూస్తూ కూర్చునేది. అక్కడెవరూ ఊడవడం లేదేమో... నీళ్లు చల్లడం లేదేమో...

లినెట్ ఎంతకాలం ఓర్చుకుంటుంది? ఆ ఏడు పోటీల నాడు మేనత్త మళ్లీ అదే షికారు మాట ఎత్తేసరికి అందరి ముందూ అరిచేసింది.

"ఆపత్తా! పెట్టింది నేను! దాచింది నేను! కర్ర తెచ్చుకుని నన్ను కొట్టు! నీ తమ్ముడు నిద్రపోవాలని మా అమ్మ కారొద్దంది, ఇల్లొద్దంది, తన చావు ఎక్కడైనా ఫరవాలేదంది! నువ్వు కొట్టిన భుజం ఇప్పటికీ పైకి లేవడం లేదు!"

మర్నాడు పొద్దున్నే లినెట్‌ని వెనక ఎక్కించి, ఐరిస్ పేరులేనాయన కారు ముందుసీటులో ఎక్కి కూర్చుంది. ఒళ్లో రేకు కాగితంలో చుట్టిన కంగారూ తోక, వెచ్చని బూడిద వాసనతో.

మెషీను పక్కన కుర్చీలో మరదల్ని చూసింది ఆ గట్టి మనిషి. ఎంత చిక్కిపోయింది! ఐరిస్ నేల మీదే కూర్చుని ఆమె మోకాళ్ల మీద తల పెట్టేసింది.

"నన్ను కొట్టవే! ఏదో ఒకటి చెయ్యవే! తల్లిలాంటిదాన్ని పట్టుకుని దొంగన్నానే..."

మావిస్ గొట్టాల్లేని చేత్తో ఆమె కళ్లు తుడిచింది. నుదుటి మీది పాత మచ్చని వేలితో తడిమింది. ఐరిస్ లేచి, తోక మాంసం తుంచి, ఆమె పెదాలకి రాసి, అరచెయ్యి నోటి మీద ఆనించి తీసేసింది.

"మాట్లాడు మావిస్. ఇంక మాట్లాడు. వాడు చేరాల్సిన చోటికి చేరాడు. నా తమ్ముడు... నా తమ్ముడు రూబెన్!"

"ఆఁ?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ మెకానిక్, అలవాటున! అని, నాలుక కరుచుకుని, టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఐరిస్ ఏడుస్తూనే నవ్వింది. మావిస్ పెదాలు కదిలాయి కానీ మాట రాలేదు. ఇరవై నెలలు కదా!

"పెట్టు లినెట్. వాడి పాట పెట్టు," అంది ఐరిస్.

లినెట్ ఫోనులో పాట తిరిగి ఎక్కించింది. మొన్నటి వేలమందిలో ఒక్కరూ మిగల్లేదు. ఆ రోజు మొత్తానికి ఆ పాట మోగింది ఒకే ఒక్కసారి. గిటారు మోగింది, కారు చెడిపోయింది, పెళ్లాం నీళ్ల డబ్బా పట్టుకుని ముందు నడిచిపోయింది. "ఆగవే, దాహమేస్తోంది, ఆగవే!" అన్నాడు రూబెన్. గిటారు ఆగింది.

ఆ ఖాళీ వచ్చింది. ముగ్గురూ మావిస్ మొహంలోకే చూస్తున్నారు. బొంగురుపోయిన గొంతు పెకలించుకుని, గొట్టాలున్న చెయ్యి కదలకుండా పట్టుకుని, ఆవిడ జీవితంలో మొట్టమొదటిసారి ఆ జవాబు మార్చి చెప్పింది.

"ఆగానయ్యా... ఇదిగో, ఇక్కడే ఆగి ఉన్నాను."