వాడేసిన గాలి

స్నానాలగదిలో కుళాయి కింద ఏసీ జాలీలు పెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతోంది చెల్లెలు. నల్లటి నీళ్లు ధారగా పోతున్నాయి. అక్క గుమ్మంలోనే ఆగి ముక్కు మూసుకుంది.

"ఇదంతా నా కూతురు పీల్చిందా?"

"ఇది జాలీలో ఆగిందే అక్కా. పీల్చిన లెక్క వేరు."

ఇళ్లల్లో గాలి ఎలా ఉందో చూసి బాగుచేసే పని చెల్లెలు సొంతంగా మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. ఒక సంచీ, ఒక మడత నిచ్చెన, అలారం గడియారమంత మీటరు. ఇవే ఆమె ఆస్తి. బావకి అదంతా వేళాకోళం.

"ఏసీ డాక్టరమ్మ వచ్చింది. గోడలకి నాడి చూస్తుందట," అన్నాడు హాల్లోంచి.

"నీ నాడీ చూస్తా బావా. ముందు ఆ సోఫా నిన్ను వదిలితే."

నవ్వుకున్నారు గానీ ఎవరి నవ్వూ ఎంతోసేపు నిలవలేదు. ఈ ఇంట్లోకి మారినప్పటినుంచి చిట్టి రోజూ తలబరువుతో లేస్తోంది. ఆరేళ్ల పిల్ల, పెదవులు పాలిపోయి, గోడ పట్టుకుని నడుస్తోంది. పిల్లలో ఏ లోపమూ లేదు, పడుకునే గది చూసుకోమన్నాడు డాక్టరు. అక్క కంటికి కునుకు లేక సగం చిక్కిపోయింది.

జాలీలు ఆరబెట్టి, చెల్లెలు మీటరు బావ చేతిలో పెట్టింది.

"ఏసీ గాలిని చల్లబరుస్తుంది, కొత్త గాలి తేదు. ఉన్నదాన్నే తిప్పితిప్పి ఇస్తుంది. ఒకే తొట్టి నీళ్లలో ఇంటిల్లిపాదీ స్నానం చేసినట్టు. మనం వదిలిన ఊపిరి గదిలో ఎంత పేరుకుందో ఇది చెబుతుంది. ఆరుబయట ఈ అంకె నాలుగు వందల ఇరవై ఉంటుంది. తలుపులేసుకుని మనిషి కూర్చుంటే పెరుగుతుంది. మనిషి లేకపోతే పెరగదు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు చూద్దాం."

చిట్టి గది కిటికీలు బార్లా తెరిచి, పాత గాలంతా పోయాక మళ్లీ మూసింది. మీటరు మంచం మీద పెట్టి తలుపు వేసింది. అందులోని అంకె ఆమె ఫోన్లో కూడా కనబడుతుంది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. నలుగురూ హాల్లో కూర్చుని భోంచేశారు. చిట్టి అన్నం కెలుకుతోంది.

చేయి కడుక్కుని వచ్చి చెల్లెలు ఫోను చూసింది. తొమ్మిది వందలు.

చూస్తుండగానే తొమ్మిది వందల ముప్పై.

"నీ యంత్రానికి పైత్యం చేసింది," అన్నాడు బావ.

ఆమె మీటరు తెచ్చి బాల్కనీలో పెట్టింది. నాలుగు వందల ఇరవై. హాల్లో పెట్టింది. నలుగురికి ఎంత ఉండాలో అంతే. మళ్లీ చిట్టి గదిలో పెట్టి తలుపు వేసింది. మళ్లీ ఎక్కింది. మనిషి ఒకరు కూర్చుంటే ఎంత వేగంగా ఎక్కుతుందో, సరిగ్గా ఆ వేగంతోనే.

చిట్టి ఫోనులోకి తొంగి చూసింది. "పిన్నీ, పైగాలి పనికిరాదు. అది వాడేస్తుంది. నేను తలుపు సందు దగ్గర మొహం పెట్టి పడుకుంటా."

"ఎవరే వాడేసేది?"

పిల్ల భుజాలెగరేసింది, అది కూడా తెలీదా అన్నట్టు.

అక్క మొహంలో నెత్తురుచుక్క లేదు. చెల్లెలు ఆమె చేయి నొక్కి, ఏ గోడలోనో చీలిక ఉండి పక్కింటి గాలి వస్తుందేమో చూస్తానని లోపలికి వెళ్లింది.

తెరలు వేసి ఉండటంతో పట్టపగలే గది మసకగా ఉంది. ఏసీ ఆపేసి ఉంది. పరుపు వాసన, సబ్బు వాసన, వాటి కింద ఇంకో వాసన... పొద్దున్నే పళ్లు తోముకోని నోటి వాసన. ఆమె మీటరు చేత్తో పట్టుకుని గోడల వెంబడి నడిచింది. నేల దగ్గర తక్కువ. మంచం దగ్గర ఎక్కువ. నిచ్చెన వేసుకుని ఏసీ దగ్గరికెక్కితే ఇంకా ఎక్కువ.

తన ఊపిరే తప్పుదారి పట్టిస్తోందేమోనని ఊపిరి బిగబట్టింది.

అంకె ఆగలేదు.

ఏసీ కింది రెక్క మెల్లగా పైకి లేచింది. మెల్లగా దిగింది. కరెంటు లేదు దానికి... ప్లగ్గు ఆమే పీకింది. రెక్క దిగినప్పుడల్లా ఆమె చెంపకి వెచ్చగా, తడిగా గాలి తగులుతోంది. లేచినప్పుడల్లా జుట్టు పాయని అటు లాగుతోంది.

లేచింది.

దిగింది.

నిచ్చెన ఎలా దిగిందో ఆమెకి తెలీదు. దిగాక వెనక గోడకి ఆనుకుంది. తెర వెనక అరచేతికి ఏదో గరుకుగా తగిలింది. తెర తొలగించి చూస్తే పళ్లెమంత గుండ్రటి సిమెంటు మాటు. గాలిని బయటికి తోసే పాత పంకా కన్నాన్ని ఎవరో పూడ్చేశారు. దాని చుట్టూ టేపు, వరసమీద వరస.

"ఇదే బావా," అంది బయటికొచ్చి. "గదికి ముక్కు మూసేశారు. ఇది తీసేద్దాం. లోపలున్నది ఏదైనా సరే బయటికి పోతుంది."

"ఏదైనా అంటే?" గుసగుసగా అడిగింది అక్క.

"చెడ్డ గాలి."

బావ ఈసారి వేళాకోళమాడలేదు. సుత్తి, ఉలి తెచ్చాడు. నాలుగు దెబ్బలకి మాటు పగిలింది. చివరి పెంకు ఊడిపడగానే గదిలోని గాలంతా ఒక్కసారిగా కన్నం వైపు దూసుకుపోయింది. తెరలు అటు వాలాయి. నిట్టూర్పులాంటి చప్పుడు... పొడుగ్గా, అలసటగా. ఎప్పుడొచ్చిందో చిట్టి గుమ్మంలో నిలబడి ఉంది. ఆ పిల్ల జడలు కూడా కన్నం వైపు తేలాయి. నోరు తెరిచి "ఆ" అంది, చన్నీళ్లు మీద పడ్డట్టు.

తర్వాత అంతా సద్దుమణిగింది. మీటరు నాలుగు వందల ఇరవైకి దిగింది. నోటి వాసన పోయింది. అక్క గోడకి ఆనుకుని నేలమీదే కూర్చుండిపోయి ఏడ్చేసింది.

"నిద్రొస్తోంది," అంది చిట్టి. మంచమెక్కి నట్టనడుమ వెల్లకిలా పడుకుంది.

చెల్లెలు తన సంచీలోంచి కొత్త పంకా తీసి కన్నానికి బిగించి, బయటి మూత వేసింది. పిల్ల నిద్ర లేవకుండా పంకా తర్వాత నడుపుదామని, మీటరు గదిలోనే ఉంచి తలుపు మూసి వచ్చింది. బావ టీ పెట్టాడు. "డాక్టరమ్మా, ఇకమీద నేనే నీకు ప్రచారం చేస్తా," అన్నాడు. అందరూ మనస్ఫూర్తిగా నవ్వారు.

టీ సగం తాగి ఆమె ఫోను చూసింది. నాలుగు వందల ఇరవై.

తాగేసి చూసింది. నాలుగు వందల ఇరవై.

"భేష్," అన్నాడు బావ, భుజం మీంచి చూసి.

ఆమె మూసిన తలుపు వైపు చూసింది. కిటికీలు మూసే ఉన్నాయి. మూత వేసే ఉంది. లోపల పిల్ల నిద్రపోతోంది. ఎంతో కొంత పెరగాలి. చిన్న ఊపిరే అయినా పెరగాలి.

కప్పు కింద పెట్టి గదిలోకి వెళ్లింది.

చిట్టి కదలకుండా పడుకుని ఉంది. పెదవులు ఎర్రగా, ఇన్నాళ్లలో ఎప్పుడూ లేనంత ఆరోగ్యంగా. ఛాతీ లేస్తోంది, దిగుతోంది. ఆమె మీటరు తీసి పిల్ల పెదవుల ముందు పెట్టింది. అక్కడ అంకె ఎగిరిపడాలి. ఎవరి నోటి దగ్గర పెట్టినా ఎగిరిపడుతుంది.

కదల్లేదు.

మీటరు పక్కన పెట్టి, అరచేయి పిల్ల ముక్కు దగ్గర ఆన్చింది. ఛాతీ లేచింది. దిగింది. అరచేతికి ఏమీ తగల్లేదు.

గదిలోంచి ఒక ఊపిరి పోయింది, నిజమే. అది చిట్టిది.

వెనక గుమ్మంలో అక్క గొంతు, ఆశగా. "ఎలా ఉంది గాలి?"

ఆమె తల తిప్పేలోగా చిట్టి కళ్లు తెరవకుండానే మాట్లాడింది. నింపాదిగా, పెద్దవాళ్లలా.

"చాలా బాగుంది. తలుపు వేసి వెళ్లండి."

పెదవులు ఆ అరచేతిని రాసుకుంటూ కదిలాయి. మాటలు వచ్చాయి. వాటి వెంట గాలి రాలేదు.