రాత్రిపూట తెల్లబడే నీళ్లు

ఆ వీధి చివరింటి పెరట్లో ఒక చేపల గుంట ఉంది. చీకటి పడ్డాక అటువైపు ఎవరూ చూడరు. గోడకు ఆనుకున్న ఇళ్లవాళ్లు ఆరేసిన బట్టలు పొద్దు వాలకముందే లోపలికి తెచ్చేసుకుంటారు. ఆ ఇంటి మేడమీద అద్దెకున్న టైలరు వెనక కిటికీకి ఏకంగా చెక్క కొట్టించేశాడు.

ఎందుకని అడిగితే అందరూ ఒకటే చెబుతారు. వీధి సద్దుమణిగాక ఆ గుంట దగ్గర చప్పట్లు వినిపిస్తాయి. మెల్లగా, ఆగి ఆగి... చప్, చప్... చప్.

ఆ ఇల్లు ఒక తాపీమేస్త్రిది. అతని కూతురు చేపలకు మేత వేసే ముందు అచ్చం అలాగే చప్పట్లు కొట్టేది. ఆ చప్పుడు వింటే చాలు, చేపలన్నీ నోళ్లు తెరుచుకుని ఒడ్డుకు చేరేవి. మొన్న ఎండాకాలం ఆ పిల్ల ఆ గుంటలోనే పడి చనిపోయింది.

ఇదంతా నాకు చెప్పింది చేపల షాపావిడ. గుంటలు బాగుచేసే పని కూడా ఆవిడే చూస్తుంది. గాలి కబుర్లు నమ్మే మనిషి కాదు. ఈ ఒక్క సంగతి చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించింది.

మేస్త్రి భార్య ఆవిడ షాపుకి వచ్చి నిలబడిందట.

“నీళ్లు బియ్యం కడిగినట్టు తెల్లగా అయిపోయాయి. చేపలు ఒక్కొక్కటే పోతున్నాయి. అవి దాని చేపలు... అవైనా మిగలాలి. ఒకసారి రామ్మా.”

షాపావిడ వెళ్లింది. సంచి భుజాన వేసుకుని పెరట్లోకి దిగుతుంటే మెట్ల మీంచి టైలరు పలకరించాడు.

“ఏమ్మా, వైద్యం చేపలకా, దెయ్యానికా?”

“ముందు నీ నోటికి చేస్తాలే బాబాయ్, ఖాళీగానే ఉన్నా.”

సీసాలో గుంట నీళ్లు పట్టి మందు చుక్కలు వేసి ఊపింది. నీళ్లు ముదురు ఊదారంగుకు తిరిగాయి. పీహెచ్ బాగా పెరిగిందని అర్థం. అంటే నీళ్లలో సున్నపు గుణం మితిమీరింది. అలాంటి నీళ్లలో చేపల మొప్పలు కాలిపోతాయి.

ఫిల్టర్ విప్పి స్పాంజి శుభ్రం చేసింది. నాచు తీసేసింది. కొంత నీరు తోడేసి కొత్త నీరు పట్టింది. పీహెచ్ దించే మందు కూడా పోసింది. రంగు దిగింది. మర్నాటికి మళ్లీ మొదటికొచ్చింది. అలా దిగుతూ ఎక్కుతూ ఉంటే చేపలు అసలు తట్టుకోలేవు. ఇంకో రెండు తేలాయి. మందు ఆపేసింది.

కుళాయి నీళ్లేమోనని బకెట్లో పట్టి ఉంచి చూసింది. అవి బాగానే ఉన్నాయి. సిమెంటేమో అనుకుంటే గుంట కట్టి ఏళ్లు దాటింది, ఊరాల్సిన సున్నం ఎప్పుడో ఊరిపోయి ఉంటుంది. చివరికి సాయంత్రం ఒకసారి, తెల్లారి ఒకసారి పరీక్ష చేసింది. నాచు వల్ల పెరిగే పీహెచ్ ఎండలో పెరిగి రాత్రికి తగ్గాలి. ఇక్కడ తలకిందులు. రాత్రే పెరుగుతోంది.

“వదినా... రాత్రిపూట ఎవరో ఇందులో ఏదో కలుపుతున్నారు.”

మేస్త్రి భార్యను ఆవిడ వదినా అనే పిలుస్తుంది. ఆ మాటకు వదిన భయపడలేదు. చుట్టూ చూసి, దగ్గరికి వచ్చి గుసగుసలాడింది.

“ఎవరో కాదమ్మా. అదే వస్తోంది. రోజూ వంటింట్లో ఈ తలుపు పక్కనే పడుకుని వింటున్నా.”

“తలుపు తీసి చూడలేదా?”

“చూస్తే పోతుంది.”

షాపావిడ సీసా మూత బిగించింది.

“నీళ్లు బాగుచెయ్యి,” అంది వదిన. “దాన్ని మాత్రం తరమకు.”

ఆ రాత్రి షాపావిడ కాపలా ఉండటానికి వదిన అతి కష్టమ్మీద ఒప్పుకుంది. లైటు వెయ్యొద్దు, మాట్లాడొద్దు అని షరతు పెట్టింది. షాపావిడ నీళ్ల ట్యాంకు వెనక కూర్చుంది. బతికిన చేపల్ని మార్చడానికి మంచినీళ్లు నింపిన టబ్బు, చేతివల, టార్చి పక్కన పెట్టుకుంది.

మేడమీద కుట్టుమిషను ఆగింది. వీధిలో చివరి లైటు ఆరింది.

చాలాసేపు ఏమీ లేదు. పంపు గురగురలాడుతోంది... అంతే.

తర్వాత – చప్.

ఆవిడ ట్యాంకు పక్కనుంచి తొంగిచూసింది.

చప్... చప్.

గుంటకు లోతైన మూల ఒకటి ఉంది. అక్కడ చీకట్లో రెండు చేతులు కనిపించాయి. చేతులే. మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి. వాటి వెనక మనిషి లేడు. అవి ఒకదానికొకటి తగులుతున్నాయి, నీళ్లలోకి దిగుతున్నాయి, మళ్లీ పైకి వస్తున్నాయి.



అంతలో నీళ్లు చిందాయి. చేపలు! మిగిలినవన్నీ ఆ చేతుల కిందికే వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. అది చూసి ఉండబట్టలేక టార్చి వేసింది.

నల్ల చొక్కా తొడుక్కుని గొంతుక్కూర్చుని ఉన్నాడు మేస్త్రి.

“అన్నా!”

“లైటు ఆపమ్మా...” మోచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. “మీ వదిన లేస్తుంది.”

పక్కన బేసిన్లో గట్టిగా కలిపిన సిమెంటు. ముద్ద తీసి, నీళ్లలో చెదిరిపోకుండా రెండు చేతుల మధ్య కొట్టి బిగించి, అడుగున పెడుతున్నాడు. అతను పడుకునేది ముందుగదిలో. భార్యకు తెలియకుండా పక్క సందులోంచి వచ్చేవాడు. షాపావిడ ఆ మూల నీళ్లలో చెయ్యి పెట్టింది. ఒకప్పుడు నడుము లోతు. ఇప్పుడు మోచెయ్యి మునగకుండానే అడుగు తగిలింది.

“పూడ్చేద్దామంటే మీ వదిన ఒప్పుకోదు. కనీసం లోతైనా తగ్గిద్దామని...”

“ఇప్పుడెవరి కోసం అన్నా?”

మేస్త్రి చేతిలో ముద్దను బేసిన్లో పడేశాడు.

“ఈ గుంట కట్టేటప్పుడు, చేపలకు ఎండ తగులుతుంది నాన్నా, ఇంకాస్త లోతు తవ్వు అంది. ఈ చేతుల్తోనే తవ్వాను.”

చెప్పకూడదనుకుంటూనే చెప్పింది ఆవిడ. “పచ్చి సిమెంటులో సున్నం ఉంటుందన్నా. చేపలు పోతున్నది దానివల్లే. నువ్వు ముద్ద బిగిస్తుంటే అవి చప్పట్లనుకుని నేరుగా నీ దగ్గరికే వస్తున్నాయి.”

మేస్త్రి చేతులు ముందుకు చాపి వాటిని చూసుకుంటూ ఉండిపోయాడు.

వెనక తలుపు గడియ చప్పుడైంది.

“చప్పుడు ఆగిపోయిందేం...?” అంటూ వచ్చింది వదిన. చీకట్లోకి అడిగిన మాట అది. టార్చి వెలుగులో మొగుడు, బేసిన్, తెల్లటి చేతులు. అంతా ఒక్కసారే చూసింది. ఏడవలేదు. తిట్టలేదు. గడప మీద కూలబడింది.

ఓదార్చే వ్యవధి లేకపోయిందని నాతో అంది షాపావిడ. చేపలు ఆ నీళ్లలో తెల్లారేదాకా బతకవు. వల ముంచింది. ఖాళీ. మళ్లీ ముంచింది. ఖాళీ. టార్చికి అవి బెదిరి అడుక్కి పోయాయి. ఆ తెల్లటి నీళ్లలో ఏదీ కనపడదు.

“వదినా... అవి పైకి రావాలి. ఎవరైనా పిలవాలి.”

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. వదిన అతని చేతుల వంక చూసింది.

“మీరే కొట్టండి.”

బకెట్లో చేతులు కడుక్కుని వచ్చాడు. ముందు చప్పుడు రాలేదు. తర్వాత వచ్చింది. చప్, చప్... చప్. చేపలు ఒక్కొక్కటే తేలాయి. షాపావిడ వాటిని పట్టి టబ్బులోకి వదిలింది. గోడలవతల ఇళ్లలో ఎవరో కిటికీ మూసుకున్నారు.

ఆఖరిది కూడా దొరికాక ఆవిడ వల పక్కన పెట్టింది.

“చాలన్నా. ఇంక లోపల ఏమీ లేవు.”

మేస్త్రి చేతులు దించాడు.

గడప మీద వదిన కళ్లు మూసుకుని ఉంది. తెరవలేదు.

“ఆపకండి,” అంది.